వర్ణక్రమం: అక్షరాల లెక్క, ధ్వనుల లెక్క

ఇంగ్లీషు మాటలోని అక్షరాలను వరుసగా చెప్పడానికి తెలుగు బడులలో 'వర్ణక్రమం' అని పేరు. ఈ పేరు పెట్టిన పెద్దలు చక్కని సంస్కృత పదాన్నే ఎన్నుకొన్నారు. కాని ఆ పదానికి అసలు అర్థం వేరు. వర్ణమనగా నోట పలికే ధ్వని. వర్ణక్రమమనగా ధ్వనుల వరుస. కృష్ణయజుర్వేదం చదివే తైత్తిరీయ శాఖవారిలో వర్ణక్రమమనే ఒక పాఠపద్ధతి కలదు. మంత్రంలోని ఒక్కొక్క ధ్వనిని విడదీసి, దాని లక్షణంతోసహా చెప్పడం అందులోని పని. బడిపిల్లవాడు 'సి, ఏ, టి' అని అప్పగించేది ధ్వనుల వరుస కాదు, అక్షరాల పేర్ల వరుస. ఈ రెంటికీ గల భేదం తెలియకపోవడం చేతనే 'బి-యు-టి బట్ అయినప్పుడు పి-యు-టి పుట్ ఎందుకైనది?' అన్న ప్రశ్న తరతరాలుగా తరగతిలో పుట్టుతూనే ఉన్నది. దానికి 'ఇంగ్లీషు అంతే' అన్న జవాబూ వినిపిస్తూనే ఉన్నది.

ఒక మాటలో ధ్వనులెన్ని అని లెక్కించడం చూడడానికి చిన్న పని. కాని ఈ లెక్క వెనుక రెండు వేల ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు. అందులో ఒక ముఖ్య ఘట్టం కృష్ణానది డెల్టాలోనే జరిగినది.

మూడు విధాల లెక్క

మొదట డెల్టాలోని ఊళ్ల పేర్లనే తీసికొని చూడండి. 'మచిలీపట్నం' అన్న పేరును తెలుగులో వ్రాస్తే మ, చి, లీ, ప, ట్నం అని అయిదు అక్షరాలు. ఇంగ్లీషు లిపిలో వ్రాస్తే పదమూడు అక్షరాలు. నోట పలికే ధ్వనులో? మ్, అ, చ్, ఇ, ల్, ఈ, ప్, అ, ట్, న్, అ, మ్: పన్నెండు. ఇంగ్లీషు లిపిలో ఒక అక్షరం ఎక్కువ కావడానికి కారణం, 'చ్' అనే ఒక్క ధ్వనికి సి, హెచ్ అని రెండు అక్షరాలు కావలసి రావడమే.

'గుడివాడ'కు తెలుగులో నాలుగు అక్షరాలు, ధ్వనులు ఎనిమిది, ఇంగ్లీషు అక్షరాలు కూడా ఎనిమిదే. ఇక్కడ లెక్క సరిపోయినది. 'దివిసీమ'కు తెలుగు అక్షరాలు నాలుగు, ధ్వనులు ఎనిమిది. 'సీ'లోని దీర్ఘానికి ఇంగ్లీషులో రెండు 'ఇ'లు వ్రాసే అలవాటు చేత అక్షరాలు తొమ్మిదైనవి. 'ఘంటసాల'కు అక్షరాలు నాలుగు. ధ్వనులు ఘ్, అ, ణ్, ట్, అ, స్, ఆ, ల్, అ అని తొమ్మిది. ఇంగ్లీషు అక్షరాలు పది.

కాబట్టి ఒకే పేరుకు మూడు లెక్కలు వచ్చుచున్నవి. తెలుగు అక్షరం సాధారణంగా ఒక హల్లును, ఒక అచ్చును కలిపి మూటగట్టి చూపుతుంది. ఇంగ్లీషు అక్షరం ఒక్కొక్కప్పుడు ఒక ధ్వనిని, ఒక్కొక్కప్పుడు సగం ధ్వనిని, ఒక్కొక్కప్పుడు రెండు ధ్వనులను చూపుతుంది. కొన్ని చోట్ల దేనినీ చూపదు. ధ్వనుల లెక్క ఈ రెండింటికీ లోబడక నిలిచే మూడవ లెక్క. అది కంటికి కనిపించేది కాదు, చెవితో పట్టవలసినది.

భట్టిప్రోలు లేఖకుని యోచన

హల్లునూ అచ్చునూ విడదీసి చూడడం ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. దివిసీమకు ఎదురుగా, కృష్ణకు ఆవలి వైపున భట్టిప్రోలు ఉన్నది. నేడు అది బాపట్ల జిల్లాలోనిది. 19వ శతాబ్దంలో కృష్ణా జిల్లాలో చేరి ఉండేది. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే 1892లో అక్కడి బౌద్ధస్తూపాన్ని త్రవ్వించగా రాతి కరండాలు బయటపడినవి. వాటిపై ప్రాకృత భాషలో చెక్కిన శాసనాలున్నవి. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలను గురించి రే వ్రాసిన గ్రంథం 1894లో వెలువడినది. శాసనాలను చదివి ప్రకటించినవాడు వియన్నా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన గియోర్గ్ బ్యూలర్. వీటిని క్రీస్తుకు పూర్వం 3, 2 శతాబ్దాలకు చెందినవిగా చాలామంది తలచినారు. ఇంకా కొంత తరువాతివని తలచినవారూ కలరు.

ఈ శాసనాలలోని లిపి బ్రాహ్మి లిపియే కాని, వ్రాసే పద్ధతిలో ఒక విశేషం కలదు. అశోకుని శాసనాలలోని బ్రాహ్మిలో 'క' గుర్తును ఒంటరిగా వ్రాస్తే అందులో అకారం దానంతట అదే ఇమిడి ఉంటుంది. ఇతర అచ్చులకు మాత్రమే వేరే గీతలు చేర్చవలెను. భట్టిప్రోలు కరండాలపై ఆ విధంగా లేదు. అక్కడ గీత లేని గుర్తు ఒట్టి హల్లు. దానికి హ్రస్వ అకారం చేర్చదలిస్తే ఒక అడ్డగీత గీయవలెను. మామూలు బ్రాహ్మిలో ఈ అడ్డగీత దీర్ఘమైన 'ఆ'కు గుర్తు. దానిని హ్రస్వానికి వాడుకొన్నందువల్ల దీర్ఘానికి కొస వంగిన మరొక గీతను కల్పించుకొన్నారు. అక్కడే దొరికిన స్ఫటికంపై గల శాసనంలో మాత్రం మామూలు పద్ధతియే కనిపిస్తున్నది. అనగా రెండు పద్ధతులూ ఆ ప్రాంతంవారికి తెలిసినవే అన్నమాట.

ఈ గీత విలువ ఏమిటో ధ్వనులు లెక్కించబోయే విద్యార్థికి వెంటనే తెలియగలదు. 'కల' అన్న మాటలో ధ్వనులెన్ని అంటే రెండని చెప్పేవాడు అకారాన్ని మరచినవాడు. క్, అ, ల్, అ అని నాలుగు చెప్పవలెను. అకారం ఇతర అచ్చులవలెనే ఒక ధ్వని అనీ, దానిని హల్లు కడుపులో దాచక బయట చూపవలెననీ భట్టిప్రోలు లేఖకుడు గ్రహించినాడు. అంతేకాదు, ఆ లిపిలో 'ల'కు, 'ళ'కు వేర్వేరు గుర్తులు గలవు. 'కల' వేరు, 'కళ' వేరు అని తెలిసిన చెవికి ఆ రెండు గుర్తులూ అవసరమే.

ఈ పద్ధతి తరువాతి కాలంలో నిలువలేదు. నేటి తెలుగు అక్షరంపై ఉండే తలకట్టును అకారానికి గుర్తుగా బడులలో చెప్పుట కలదు. అది భట్టిప్రోలు గీతకు వారసత్వం కాదు. అక్షరాల తలపై ఏర్పడిన చిన్న గీత కాలక్రమాన పెరిగి తలకట్టైనది. అయినను 'క్'కు తలకట్టిస్తే 'క' అని చెప్పే ఉపాధ్యాయుడు, తెలియకుండానే, భట్టిప్రోలు లేఖకుడు చేసిన విభాగాన్నే మరల చేస్తున్నాడు.

మాత్రలు, వర్ణాలు

ఈ సీమలో మాటలను కొలిచే మరొక కొలత కూడా వాడుకలో ఉన్నది. కూచిపూడిలో నాట్యం నేర్చే పిల్లలు ఆదితాళానికి ఎనిమిది అక్షరకాలాలు లెక్కిస్తూ అడుగులు వేస్తారు. ఛందస్సు చదివే విద్యార్థి లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు వేస్తాడు. 'రామ' అన్న మాటలో అక్షరాలు రెండు, మాత్రలు మూడు, వర్ణాలు నాలుగు. మాత్ర కాలాన్ని కొలుస్తుంది. వర్ణం ధ్వనిని లెక్కపెడుతుంది. రెంటిని కలపరాదు.

భాష మొత్తానికి వర్ణాలెన్ని అనే ప్రశ్నను మన వ్యాకర్తలు గ్రంథారంభంలోనే తీసికొన్నారు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి సంస్కృతానికి ఏబది, ప్రాకృతానికి నలుబది, తెలుగునకు ముప్పదియారు వర్ణాలని లెక్క తేల్చినాడు. బడిలో నేర్పే అక్షరమాల ఇంతకంటె పెద్దది. సంస్కృత పదాలను వ్రాయడానికి కావలసిన ఒత్తక్షరాలు మొదలైనవి అందులో చేరినవి. చిన్నయసూరి వాటిని తెలుగు లెక్కనుంచి తీసివేసి, లిపిలో సాధారణంగా వేరుగా వ్రాయని రెంటిని చేర్చినాడు. 'చిలుక'లోని చకారం నాలుక దౌడను తాకగా పుట్టుతుంది. 'చలి'లోని చకారం పండ్ల దగ్గర పుట్టుతుంది. ఈ రెండవదానిని నిఘంటువులలో ౘ అని గుర్తిస్తారు. జకారానికీ ఇట్టి జంట కలదు. అక్షరమాల ఎంత ఉంటే భాషలో ధ్వనులు అంతే అనుకొనరాదని ఈ లెక్కయే తెలుపుచున్నది.

బందరు రేవులో ఇంగ్లీషు

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి 'గ్లోబ్' అను ఓడ ఈ తీరానికి వచ్చినది. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న మచిలీపట్నంలో కంపెనీవారు వర్తకశాల నెలకొల్పినారు. నాటినుండి దుబాసీల మూలంగా, వర్తకుల మూలంగా ఇంగ్లీషు మాటలు బందరు వీధులలో వినబడసాగినవి. ఓడ పేరునే లెక్కిస్తే ఇంగ్లీషు వ్రాతలోని చిక్కు తెలుస్తుంది. అందులో అక్షరాలు అయిదు, ధ్వనులు నాలుగే: గ్, ల్, ఓకారం వంటి అచ్చు, బ్. చివరి 'ఇ' వ్రాతలో ఉన్నదే కాని నోట పలుకదు.

ఈ పొందికలేమికి కారణం ఇంగ్లీషు చరిత్రలో ఉన్నది. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం స్థాపించినాడు. అచ్చు వ్యాపించిన కొలదీ మాటల వ్రాత క్రమంగా గట్టిపడినది. కాని అదే కాలంలో నోటి పలుకు వేగంగా మారుతూ వచ్చినది. దీర్ఘాచ్చులన్నీ తమ స్థానాలు మార్చుకొన్నవి. కొన్ని హల్లులు లోపించినవి. కత్తి అని అర్థమిచ్చే 'నైఫ్' మాట మొదట 'కె' అక్షరం ఉన్నది. ఒకప్పుడు ఇంగ్లండులో ఆ ధ్వనిని పలికేవారు. అది లోపించినది 17వ శతాబ్దంలో, అనగా బందరులో కంపెనీ వర్తకం సాగుతున్న కాలంలోనే. నోరు మరచినా కలం మరువలేదు. అందుచేత నేడు 'నైఫ్' వ్రాతలో అయిదు అక్షరాలు, పలుకులో మూడు ధ్వనులు: న్, ఐ, ఫ్. 'లైట్' మాటలోని జి, హెచ్ కూడా ఇట్లే పూర్వపు ధ్వనికి మిగిలిన ఆనవాళ్లు.

1843లో రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ అను క్రైస్తవ బోధకుడు మచిలీపట్నంలో ఇంగ్లీషు పాఠశాల తెరచినాడు. అదే క్రమంగా నోబుల్ కళాశాల అయినది. ధ్వనికి దగ్గరగా ఉండే లిపిని చదివి వచ్చిన తెలుగు బాలురకు, ధ్వనికి ఎంతో దూరం జరిగిన వ్రాత ఈ విధంగా ఎదురైనది.

లెక్క శాస్త్రమైన విధం

ఇంగ్లండులో కూడా ఈ చిక్కు గుర్తించినవారున్నారు. 1837లో ఐజాక్ పిట్‌మన్ తన సంక్షిప్తలిపిని ప్రకటించినాడు. షార్టుహ్యాండు నేర్చినవారందరికీ ఇది తెలిసినదే: అందులో స్పెల్లింగును విడిచి ధ్వనిని మాత్రమే వ్రాయవలెను. పలుకని అక్షరానికి అక్కడ గీత లేదు. 1886లో పారిస్‌లో పాల్ పాసీ మొదలైన భాషోపాధ్యాయులు ఒక సంఘంగా ఏర్పడినారు. ఒక ధ్వనికి ఒకే గుర్తు అనే నియమంతో వారు కల్పించిన లిపియే అంతర్జాతీయ ధ్వనిలిపి. 1917లో డేనియల్ జోన్స్ ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువును ఆ గుర్తులతో ప్రకటించినాడు.

కృష్ణాతీరానికి దూరంగా, ఉత్తరాన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండిన గిడుగు రామమూర్తి ఇట్టి లెక్కను లిపిలేని భాషకు చేసి చూపినాడు. కొండలలోని సవరల మాటలను చెవితో విని, ధ్వనులను వేరుపరచి, గుర్తులతో వ్రాసినాడు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో మద్రాసులో వెలువడినది. లిపి ఎరుగని భాషకు అక్షరాలు లెక్కించే వీలే లేదు. అక్కడ చెవి ఒక్కటే ఆధారం. 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థ ఏర్పడిన పిదప ఇంగ్లీషు ఉపాధ్యాయులకు ధ్వనిశాస్త్రంలో క్రమమైన శిక్షణ లభించసాగినది. నేడు అది ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం.

దక్షిణ ఇంగ్లండు శిష్టోచ్చారణకు శాస్త్రజ్ఞులు సాధారణంగా వేసే లెక్క 44 వర్ణాలు. వీటిలో హల్లులు 24, అచ్చులు 20. వ్రాయడానికి ఉన్న అక్షరాలు 26 మాత్రమే. అచ్చులను చూపే అక్షరాలు అయిదు, వాటికి తోడు 'వై'. ఇరవై అచ్చులకు అయిదారు అక్షరాలు పంచవలసి వచ్చినప్పుడు ఒక్కొక్క అక్షరం పలుచోట్ల పనిచేయక తప్పదు. 'బట్', 'పుట్' చిక్కుకు జవాబు ఇదే. రెండు మాటలలోనూ ధ్వనులు మూడేసి. 'యు' అనే ఒకే అక్షరం రెండు వేరు అచ్చులను మోస్తున్నది.

44 అన్నది మార్పులేని సంఖ్య కాదు. అమెరికావారి పలుకులో అచ్చులు ఇంతకంటె తక్కువ. లెక్కించే నియమాన్ని బట్టి కూడా సంఖ్య మారుతుంది. ఆ నియమం ముఖ్యమైనది: రెండు ధ్వనులను మార్చితే అర్థం మారవలెను. 'పాట'లో ప్‌ను బ్ చేస్తే 'బాట' అగును. కనుక ప్, బ్ రెండు వర్ణాలు. 'చలి', 'చిలుక' మాటలలోని చకారాలు వేరుగా వినిపించినా, తెలుగు మాటలలో సాధారణంగా ప్రక్కనున్న అచ్చును బట్టి ఏది రావలెనో తెలిసిపోతుంది. వాటి భేదం చేతనే అర్థం మారడం అరుదు. ఇంగ్లీషులో 'పిన్' అన్నప్పుడు ప్ కొంత ఊపిరితో, ఒత్తు పలికినట్లు వస్తుంది. 'స్పిన్' అన్నప్పుడు ఊపిరి లేదు. ప, ఫ అని రెండు అక్షరాలు నేర్చిన తెలుగువారు ఈ భేదాన్ని పట్టగలరు. ఇంగ్లీషువారికి అది ఒకే వర్ణం.

పిల్లల చెవి

ఈ చరిత్రకు తరగతి గదితో సంబంధమేమి? 1974లో ఇసబెల్ లీబర్‌మన్, ఆమె సహచరులు అమెరికాలో పిల్లలను పరీక్షించి ఫలితాలు ప్రకటించినారు. ఒక మాట చెప్పి, అందులో ఎన్ని భాగాలున్నవో అన్నిసార్లు బల్లపై చిన్న కర్రతో తట్టమన్నారు. మాటను అచ్చుకొక భాగం చొప్పున విడదీయడంలో నాలుగేండ్లవారిలో దాదాపు సగంమంది కృతకృత్యులైనారు. విడి ధ్వనులను లెక్కించగలిగినవారు ఆ వయస్సులో ఒక్కరూ లేరు. ఒకటవ తరగతి ముగిసేసరికి మొదటి పనిని నూటికి 90 మంది, రెండవ పనిని 70 మంది చేయగలిగినారు. 1979లో జోసే మొరైస్, ఆయన సహచరులు పోర్చుగల్‌లో చదువురాని పెద్దలను పరీక్షించినారు. మాటకు ముందు ఒక ధ్వనిని చేర్చడం, తీసివేయడం వారికి చాలా కష్టమైనది. పెద్దవయస్సులో చదువు నేర్చినవారు మాత్రం దానిని చక్కగా చేసినారు.

దీనివలన తేలినదేమి? మాట్లాడగలిగినంత మాత్రాన విడి ధ్వనులను గుర్తించే శక్తి రాదు. అది నేర్చుకొంటే వచ్చే విద్య. ఏ లిపి నేర్చితే ఆ లిపి చూపే భాగాలకే చెవి ముందు అలవాటు పడుతుంది. తెలుగు లిపికి సోదరి అయిన కన్నడ లిపి చదివే పిల్లలపై జరిగిన పరిశోధనలలో, వారు అక్షరాల విభాగంలో చురుకుగాను, విడి ధ్వనుల విభాగంలో నెమ్మదిగాను ఉన్నట్లు కనబడినది. కాబట్టి గుడివాడ బడిలోనో, అవనిగడ్డ బడిలోనో ఒక పిల్లవాడు 'స్ప్లిట్' మాటలో ధ్వనులు రెండని చెప్పితే అతనిని మందమతి అనరాదు. అతడు 'స్ప్లి', 'ట్' అని తన లిపి నేర్పిన లెక్కనే నిజాయితీగా చెప్పినాడు. ధ్వనుల లెక్కలో స్, ప్, ల్, ఇ, ట్ అని అయిదు. ఆ విభాగం అతనికి ఎవరూ చూపలేదు, అంతే. చూపకుండానే మార్కులు తగ్గించి, ఇంగ్లీషు రాదని ముద్ర వేస్తే నష్టపోయేది ఒక పిల్లవాని చదువు.

తెలుగు పిల్లలకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులు రెండు. మొదటిది, తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తవి. అందుచేత 'బస్' తెలుగు నోట 'బస్సు' అయినది. మూడు ధ్వనులు అయిదైనవి. 'స్కూల్'లో ధ్వనులు నాలుగు. 'ఇస్కూలు' అంటే ముందొక అచ్చు, చివరనొక అచ్చు చేరి ఆరగును. రెండవది, తెలుగు లిపిలో గుర్తులేని అచ్చు. 'క్యాట్' అని వ్రాయడం చూచి పిల్లలు క్, య్, ఆ, ట్ అని నాలుగు లెక్కిస్తారు. ఇంగ్లీషులో యకారం లేదు. అక్కడ ఉన్నది ఏకారానికి, ఆకారానికి నడుమ నోరు విప్పి పలికే ఒకే అచ్చు. కనుక ధ్వనులు మూడే. ఈ అచ్చు కోస్తా పిల్లలకు కొత్తది కాదు. 'వచ్చాడు' అని వ్రాసినా, మాటల్లో రెండవ అక్షరంలో వారు పలికే అచ్చు దానికి మిక్కిలి దగ్గరది. లిపిలో లేకపోయినా నోటిలో ఉన్నది. దానిని చూపి నేర్పడం తేలిక.

అభ్యాసానికి ఖర్చు లేదు. ఉపాధ్యాయుడు మాటను వ్రాయక ముందు పలుకవలెను. పిల్లలు ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క చింతగింజ బల్లపై పెట్టవలెను. పిదప మాటను పలకపై వ్రాసి, గింజలను అక్షరాలతో పోల్చవలెను. 'షిప్'కు గింజలు మూడు, అక్షరాలు నాలుగు. 'బాక్స్'కు గింజలు నాలుగు, అక్షరాలు మూడు, ఎందుకనగా 'ఎక్స్' అనే ఒక్క అక్షరం క్, స్ రెంటినీ మోస్తున్నది. 'థాట్'కు గింజలు మూడు, అక్షరాలు ఏడు. లెక్క సరిపోని చోటనే పిల్లవాడు ఆగి ఆలోచిస్తాడు. ఏ అక్షరం మౌనంగా ఉన్నది, ఏవి జతగూడి ఒక ధ్వని అయినవి అని వెదకుతాడు. అప్పుడు స్పెల్లింగు కేవలం కంఠస్థం చేయవలసిన భారం కాక, పరిశీలించదగిన విషయం అగును.

రాతిపై అకారానికి వేరుగా గీత గీసిన భట్టిప్రోలు లేఖకుడు ఇంగ్లీషు ఎరుగడు. అయినను మాటను ధ్వనులుగా విడదీసే విద్య ఏ ఒక్క భాషదీ కాదు. ఆ విద్య చేతికి వచ్చిన నాడు 'వర్ణక్రమం' అన్న మాట తన అసలు అర్థాన్ని తిరిగి పొందును.